తెనాలి రామకృష్ణకథలలో స్వభావవైరుధ్యము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పాఠశాలలలోఁ దెనాలి రామకృష్ణుని కథలు చెప్పు నుపాధ్యాయునకు ఒకనాఁడు కాకున్న మఱియొకనాఁ డొక ప్రశ్న యెదురగుచుండును. రాజుగారి తోఁటలో వంకాయలు దొంగిలించిన రామకృష్ణుఁడును, పెరటిలో దాఁగిన దొంగలచేతనే రాత్రియంతయు నీరు తోడించి మొక్కలు తడుపుకొన్న రామకృష్ణుఁడును ఒక్కఁడేనా? ఒక్కఁడే యైనచో దొంగలకు బుద్ధిచెప్పు నధికార మాతని కెక్కడిది? బాలురు నవ్వుచునే యడుగుదురు. పెద్దలు మాత్రము "కథకుఁ గాళ్లు లేవు, ముంతకుఁ జెవులు లేవు" అని దానిని దాఁటవేయుదురు. ఇది దాఁటవేయఁదగిన ప్రశ్న కాదని నా తలంపు. చిరకాలము విడివిడిగా నడచు హాస్యకథలలో నొకేపాత్ర స్వభావము కథకొక విధముగా నుండుట దోషమా? దోషమగుచో నది యెవరిది? ఈ విచారమునకు మన భాషలో నింతకంటెఁ దగిన యుదాహరణము నాకుఁ గానరాదు.

మొదట వైరుధ్యముల స్వరూపమును జూతము. కాళికాదేవి కథలో నాతఁడు విద్యాపాత్రమును, ధనపాత్రమును రెంటినిఁ ద్రాగివేసిన యాశాపరుఁడు. బంగారు మామిడిపండ్ల కథలో దానమునకై యెగబడిన విప్రులకు వాతలు పెట్టి, ఆశకు శిక్ష విధించిన వాఁడు. పిల్లికథలో మరగిన పాలు పోసి పిల్లి నోరు కాల్చి, దాని పాలను దానే యనుభవించును. గుఱ్ఱపు కథలో మేఁత కిచ్చిన సొమ్ము మిగుల్చుకొని, చీఁకటికొట్టములోఁ గట్టివేసిన గుఱ్ఱమును మాడ్చును. పరదేశపండితుఁడు సభను సవాలు చేసినపుడు "తిలకాష్ఠమహిషబంధన"మను పేరితో నువ్వుకట్టెలను గేదెపలుపుతోఁ గట్టి తెచ్చి యాస్థానగౌరవమును నిలుపును. పెద్దనను, తాతాచార్యులను ఎగతాళి చేయు కథలలో నా గౌరవమును దానే తీయును. ఒక కథలో నిఱుపేద. మఱియొక కథలో దొంగలు పొంచియుండఁదగిన నగలపెట్టె గలవాఁడు. ఇన్నిటిని వరుసగాఁ జదివినవాఁడు, ఈ మనుష్యుఁ డెట్టివాఁడని యడిగినచో నొక్కమాటలోఁ జెప్పఁజాలఁడు.

లాక్షణికమార్గమునఁ బోయినచోఁ దీర్పు సులభము. అనౌచిత్యమే రసభంగమునకు మూలమని యానందవర్ధనుఁడు నిర్ణయించెను. క్షేమేంద్రుఁ డౌచిత్యమునే కావ్యమునకుఁ బ్రాణముగా నెంచి "ఔచిత్యవిచారచర్చ" రచించెను. ఆ కొలతతోఁ గొలిచినచో రామకృష్ణకథలు నిలువవు. విదూషకుని లక్షణము చెప్పి కాపాడుదమన్నను వీలులేదు. సంస్కృతనాటకములలో విదూషకుఁడు భోజనప్రియుఁడు, పిఱికి, రాజునకుఁ జెలికాఁడు. నాటకము మాఱినను వాని గుణములు మాఱవు. రామకృష్ణుని చిక్కు దీనికిఁ బూర్తిగా వ్యతిరేకము: ఆతని పేరు మాఱదు, గుణములే మాఱును.

అయినను ఆ కొలత యెట్టి రచనకుఁ బుట్టినదో యాలోచింపవలయును. ఒక కవి యాద్యంతము భావించి నిర్మించిన ప్రబంధమునకు, నాటకమునకు నది పుట్టినది. అందుఁ బాత్ర మొదటి యంకములోఁ జేసినదానికి నాలవ యంకములో జవాబు చెప్పుకొనవలయును. రామకృష్ణకథ లట్లు పుట్టలేదు. రాత్రి మంచముమీఁదఁ జేరిన పిల్లలకు అవ్వ చెప్పినది యొకటి. సభ ముగిసిన వెనుక పండితులు చెప్పుకొన్నది మఱియొకటి. పిల్లికథ చెప్పిననాఁడు గుఱ్ఱపుకథ యెవరికి జ్ఞప్తికి రానక్కఱలేదు. కథ యొకటి ముగిసినపు డా రామకృష్ణుఁడును ముగియును. మఱునాఁడు క్రొత్తకథతోఁ గ్రొత్తగాఁ బుట్టును. అచ్చుయంత్రము వచ్చి యీ విడికథలను గూర్చి, మొదటఁ గాళికావరమును, తుదకు మరణమును బెట్టి, యొక జీవితచరిత్రవలెఁ గట్టుపుస్తకము చేసినది. అప్పటినుండియే కథ కథతో నొరసికొనుచున్నది. కాఁబట్టి యీ వైరుధ్యములోఁ బెద్దభాగము కథలలో లేదు, కూర్పులో నున్నదని నా మతము.

ఇది మన రామకృష్ణునకు మాత్రమే పట్టిన చిక్కు గాదు. ముల్లా నస్రుద్దీను కథలలో నాతఁడు ఒకచోట జ్ఞాని, ఒకచోట శుద్ధమూఢుఁడు. అమెరికాలో 1989 డిసెంబరున ధారావాహికగా మొదలైన "ది సింప్సన్స్" అను కార్టూను హాస్యకథలో హోమరను గృహస్థుఁ డొకవారము బిడ్డలకై ప్రాణమిచ్చు తండ్రి, మఱియొకవారము వారి నించుకయుఁ బట్టించుకొనని జడుఁడు. ఆతని కుమారునకు ఎన్నేండ్లు గడచినను పదియేండ్లే. అక్కడను గారణ మిదియే: వ్రాయువారు పలువురు, చూచుట యొక్కొక్కటిగా, హాస్యమునకుఁ గావలసినది యానాఁటి సన్నివేశము. వరుసగాఁ జూచి పోల్చువారు పుట్టిన వెనుకనే వైరుధ్యము పుట్టినది.

అట్లైన రామకృష్ణునకుఁ బేరు తప్ప నేకత్వ మేమియు లేదా? కలదు. అది గుణములలో లేదు, యుక్తిలో నున్నది. మొగము చూపవద్దని రాజానతిచ్చిన, తలపైఁ గుండ బోర్లించుకొని సభకు వచ్చును. ఆజ్ఞ యక్షరాల నెఱవేఱినది. చనిపోయిన తల్లి తీరనికోరికను దానముచేఁ దీర్పవచ్చునని విప్రు లంగీకరించిరి. తన తల్లి కోరినది వాతలని యాతఁ డనును. పిల్లి పాలు త్రాగదని తాను చెప్పఁడు, పిల్లిచేతనే సభలోఁ జెప్పించును. వంకాయల కథలో నిద్రించు కుమారునిపై నీరు చల్లి వాన కురిసినదని నమ్మించి, మఱునాఁడు వాఁడు చెప్పిన నిజమునే స్వప్నముగాఁ జేయును. ఎదుటివాని మాటను, ఆచారమును, ఆడంబరమును ఉన్నదున్నట్లు గ్రహించి తుదిదాఁక లాగి, దానిచేతనే దానిని గట్టివేయుట యీ కథల కన్నిటికిని సూత్రము. గుణము లా సూత్రమునకు సేవకులు. యుక్తికి దొంగ కావలసినపు డాతఁడు దొంగ. దొర కావలసినపుడు దొర. ఇట్లు చూచిన నౌచిత్యమునకును భంగము లేదు. ఔచిత్యము పాత్రకు గాక యుక్తికిఁ జెందుచున్నది.

ఇంతవఱకు నా సమర్థనము సాగినది. కాని దానికి లొంగని కథ యొకటి కలదు. రాజాజ్ఞచే రామకృష్ణుని మెడవఱకుఁ బాఁతిపెట్టి యేనుఁగుచేఁ ద్రొక్కింప నిశ్చయింతురు. ఆ త్రోవను వచ్చిన గూనిచాకలితో, ఇట్లు నిలిచినందునఁ దన గూని పోయినదని చెప్పి, వానిని గోతిలో నిలిపి తాను బయటఁబడును. ఈ కథ చెప్పువారు కొందఱు చాకలి మరణించెననియే ముగింతురు. ఇచట యుక్తి కలదు, కాని కట్టివేయఁబడిన యాడంబర మేది? చాకలివాని గూనిలో నహంకార మేమున్నది? రాజాజ్ఞను దప్పించుకొనుటయే చమత్కార మందురేని, ఆ చమత్కారమునకుఁ బ్రాణము చెల్లించినవాఁడు రాజు గాఁడు. తక్కిన కథలలో బలవంతుని మాట బలవంతుని మెడకుఁ జుట్టుకొనును. ఇచట బలహీనుని యాశ బలహీనుని మెడకుఁ జుట్టుకొన్నది. ఇది కూర్పులోని దోషము గాదు, కథలోనిదే. చాకలి చచ్చిన నవ్వఁగలిగినవారు ఈ కథను నిలిపిరి. ఆతనిపేర మనము నేర్చుకొనవలసిన సంగతి యిదియే: పాత్ర యొకటి యైనను, నవ్వువారు వేఱు.

ఈ కాలమువారు వైరుధ్యమునకు వేఱొక చికిత్స చేసిరి. 1956లో బి. ఎస్. రంగా తీసిన "తెనాలి రామకృష్ణ" చిత్రములో నాతఁడు శత్రువులు పంపిన గూఢచారిణి కుట్రనుండి రాజ్యమును గాపాడు నీతిజ్ఞుఁ డయ్యెను. 1990లో నాగాభరణ దర్శకత్వమున దూరదర్శనములోను, ఈ శతాబ్దారంభమున కార్టూన్ నెట్‌వర్కులో బొమ్మలకథగాను, 2017 మొదలు హిందీ ధారావాహికగాను ఆతఁడు దేశమంతట సంచరించెను. ఈ మార్గమున నాతఁడు పిల్లలకుఁ జూపఁదగిన బుద్ధిమంతుఁడు, న్యాయపక్షపాతి యగుచు వచ్చెను. పాఠ్యపుస్తకములలోను దఱచుగా నిట్టివాఁడే కనఁబడును. స్వభావము కుదిరినది, మేలే. కాని కుదిరిన రామకృష్ణుఁడు సచ్చరిత్రుఁడైన సలహాదారుఁడు మాత్రమే. అట్టివారు కథలలోఁ బెక్కండ్రు గలరు. వంకాయలు దొంగిలింపని రామకృష్ణునకు మన యిండ్లలోఁ జోటు చిక్కుట కష్టము.

వైరుధ్యమును దుడిచివేయుట యట్లుండఁగా, దానికిఁ గథ కల్పించి సమన్వయించుట యింతకంటెఁ బ్రాఁతది, పండితులకు సంబంధించినది. "ఉద్భటారాధ్యచరిత్రము" వ్రాసినవాఁడు తెనాలి రామలింగఁడు. అది శైవకావ్యము, ఊరదేచమంత్రి కంకితము. "పాండురంగమాహాత్మ్యము" వ్రాసినవాఁడు తెనాలి రామకృష్ణుఁడు. అది వైష్ణవకావ్యము, విరూరి వేదాద్రి కంకితము. పేరులు రెండు, మతములు రెండు. ఈ చిక్కు విడుటకై, శైవుఁడైన రామలింగఁడు వైష్ణవము గైకొని రామకృష్ణుఁ డయ్యెనని చెప్పుట వాడుక యయ్యెను. అది నిజము కావచ్చును, కాకపోవచ్చును; కాని వైరుధ్యము కనఁబడిన చోటనెల్ల నొక కారణకథ మొలకెత్తునని పరిశోధకుఁడు మఱవరాదు. ఆ రెండు కావ్యములలో నేదియుఁ గృష్ణదేవరాయల కంకితము గాదు. రాయలు రాజ్యమేలినది 1509 మొదలు 1529 వఱకు. పాండురంగమాహాత్మ్యము తరువాతిదని పలువురు పరిశోధకుల మతము. కాఁబట్టి వికటకవి కథలను సాక్ష్యముగాఁ బెట్టి కవిజీవితమును వ్రాయుట యుక్తము గాదు.

ఆ కవికి స్వభావచిత్రణము తెలియదనుటయు సాధ్యము గాదు. నిగమశర్మోపాఖ్యానములో నిగమశర్మ యక్కకుఁ బేరైనను లేదు. ఆమె పుట్టింటికి వచ్చి తమ్ముని మందలించి, తుదకు మోసపోయి వగచుట కొంతభాగమే. అంతలోనే యామె నడక, మాట, ప్రేమ, నగలపై మమకారము ఒకదాని కొకటి యతికి నిండుమనిషి యయ్యెను. రాళ్లపల్లి యనంతకృష్ణశర్మగా రామెను గూర్చి ప్రత్యేకముగా వ్యాసమే రచించిరి. పేరులేని యా యక్క యొక్కచేతిసృష్టి; పేరుమోసిన యీ వికటకవి వేయినోళ్ల సృష్టి. ఇద్దఱిని నొకే త్రాసులోఁ దూఁచుట విమర్శ కాదు.

ఇఁక మన ప్రాంతమునకుఁ జేయవలసిన పని యొకటి కలదు. గద్వాల, వనపర్తి సంస్థానములు పండితసత్కారమునకుఁ బేరొందినవి. తిరుపతి వేంకటకవులు రెంటను దర్శించి సత్కృతులైరి. నేఁటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురము రాజధానిగా నేలిన జటప్రోలు సురభివంశములో "చంద్రికాపరిణయ" కర్తయైన మాధవరాయలు పుట్టెను. వచ్చిన పండితుని బరీక్షించుటయు, సత్కరించుటయు నిత్యమైన యిట్టి సభలలో, పరదేశపండితుఁడు నువ్వుకట్టెలకు బెదరి పాఱిపోయెనను కథ యెవరికి నవ్వు దెప్పించెనో, ఎవరికి గుండెదడ దెప్పించెనో యూహింపవచ్చును. అదే కథ సంతనుండి తిరిగివచ్చు బండిమీఁద వేఱొకటి యగును. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమునఁ గలసిన వెనుక సంస్థానములు పోయినవి; 2016లో నీ మూఁడు పట్టణములు జిల్లాకేంద్రము లైనవి. కథలు చెప్పు వృద్ధులు మాత్ర మింకను గలరు.

చాటుపద్యములను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు "చాటుపద్యమణిమంజరి"గాఁ గూర్చి కాపాడిరి. ఆ శ్రద్ధ యీ కథలకును గావలయును. పాఠశాలలలోని యుపాధ్యాయులు తమ తమ గ్రామములలో రామకృష్ణకథ లెట్లు చెప్పుదురో, చెప్పినవారి వృత్తి, వయస్సు, గ్రామము, తేది సహితముగా వ్రాసి యుంచవలయును. ఒకదానితో నొకటి పొసఁగకున్న దిద్దరాదు. చాకలి చచ్చిన కథను విడువరాదు. దానిని రజకులు చెప్పుదురా, చెప్పినచో నెట్లు ముగింతురు అని విచారింపవలయును. మన కథలలో నెవరి నవ్వు నిలిచినదో, ఎవరి నవ్వు పోయినదో తెలిసికొనుటకు నా పొసఁగనిచోట్లే యాధారము.

వంకాయల రామకృష్ణుఁడును, నూతిదగ్గఱి రామకృష్ణుఁడును ఒక్కఁడేనా యని యడిగిన బాలునకు నేఁ జెప్పు నుత్తర మింతియే: పేరొక్కటి, చెప్పినవారు పలువురు, ఈ రెండు కథలను మీ యింట నెవరు చెప్పిరో యడిగి రమ్ము.