సుబ్బమ్మ నుంచి వకుళమ్మ దాకా

ఈ పుస్తకానికి ముందుమాట రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో తెల్లవార్లూ ఆడే పద్యనాటకాలను చిన్నప్పటి నుంచి కునుకు తీయకుండా చూసినవాణ్ని. పుస్తకం రాసిన నటి పేరు అట్ట మీద ఎలాగూ ఉంది. ఇక్కడ మాత్రం అమ్మాయి అనే అంటాను. నలభై దాటిన మనిషిని పట్టుకుని అమ్మాయి ఏంది సార్ అని నవ్వుతుంది. నవ్వనీ.

మా వైపు నాటకం ఎలా ఆడతారో తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. కురుక్షేత్రం కట్టించాలని ఊళ్లో అనుకున్నారంటే మగ వేషాలన్నీ ఊరివాళ్లవే. కృష్ణుడు పగలు బోరుమోటార్లు బాగుచేస్తాడు, దుర్యోధనుడికి ఎరువుల అంగడి ఉంటుంది. హార్మోనియం మాస్టరు ఊళ్లోనే మకాం పెట్టి నెలల తరబడి వాళ్లకు పద్యాలు నూరిపోస్తాడు. ఆడవేషాలకు మాత్రం బయటినుంచి ఆర్టిస్టులను మాట్లాడుకుంటారు. అలా వచ్చే నటి నాటకం నాటి సాయంత్రం బస్సు దిగుతుంది. అంతకుముందు ముఖం కూడా చూడని ధర్మరాజు పక్కన రాత్రి పదింటికి ద్రౌపదిగా నిలబడుతుంది. అతను శ్రుతి తప్పితే తన గొంతుతో పట్టుకోవాలి, పద్యం మరిచిపోతే పెదవి కదిపి అందించాలి. మధ్యలో ఎవరో స్టేజీ ఎక్కి చదివింపులు మైకులో చదువుతుంటే, అప్పటిదాకా తెచ్చుకున్న ఏడుపును గొంతులోనే ఆపి ఉంచాలి. ఇంత పనిని ఏ నటనాలయంలో నేర్పుతారో నాకు తెలియదు. అమ్మాయి ఇదంతా బస్సుల్లో తిరుగుతూ నేర్చుకుంది.

బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, బాగా పండిన ఏడు శివరాత్రి నుంచి ఉగాది దాటేదాకా తనకు ఒక్క రాత్రి ఖాళీ ఉండదట. వాన లేని ఏడు పెళ్లిళ్లయినా జరుగుతాయి గానీ నాటకం ఆగిపోతుంది. అందుకే ఈ పుస్తకంలో తన సంపాదన గురించి రాసిన అధ్యాయం చదువుతుంటే, మన మండలాల కరువు చరిత్ర చదివినట్టే ఉంది. ఏ ఊరు ఏ ఏడు ఎందుకు పిలవలేదో తనకు నోటికి వచ్చు.

పుస్తకానికి ఆయువుపట్టు నాలుగో అధ్యాయం. ఏళ్ల తరబడి ద్రౌపది కట్టిన మనిషిని ఒక ఊరి కమిటీవాళ్లు కుంతి వేయమన్నారు. ద్రౌపదికి ఇరవై రెండేళ్ల పిల్లను మాట్లాడుకున్నారు. ఆ సంగతి నాకు ఫోనులో చెప్పింది. “సార్, ఇంగ నన్ను కుంతి వేయమంటాండారు” అని చెప్పి కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాతే తను మన ప్రొద్దుటూరులో పుట్టిన సినిమా నటి శాంతకుమారి గారి జీవితం వెతకడం మొదలుపెట్టింది. తన కథ చెబుతూ చెబుతూ ఆవిడ కథలోకి వెళ్లడం, మళ్లీ తన బస్టాండుకు తిరిగి రావడం ఈ పుస్తకం నడక. నాకు ఈ నడకే నచ్చింది.

శాంతకుమారి గారు 1920 మే 17న ప్రొద్దుటూరులో పుట్టారు. అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. తండ్రి శ్రీనివాసరావు గారు రంగస్థల నటుడు, తల్లి పెద్దనరసమ్మ గారు సంగీతం తెలిసిన మనిషి. సుబ్బమ్మ గారు మద్రాసులో సాంబమూర్తి గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. డి.కె. పట్టమ్మాళ్ గారు సహాధ్యాయిని. పి.వి. దాస్ గారు 1936లో ‘శశిరేఖా పరిణయం’ తీస్తూ ఈ పదహారేళ్ల పిల్లను శశిరేఖ వేషానికి తీసుకున్నారు, శాంతకుమారి అని పేరు మార్చారు. మరుసటి ఏడు ‘సారంగధర’. ఆ చిత్ర దర్శకుడు పి. పుల్లయ్య గారితోనే పెళ్లి. ప్రొద్దుటూరు అంటే బంగారం అంగళ్లు, దసరా అమ్మవారి అలంకారాలు, పుట్టపర్తి నారాయణాచార్యుల వారు అని చెప్పుకుంటాం. ఈ జాబితాలో సుబ్బమ్మ పేరు చేర్చేవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే.

అమ్మాయి పట్టుకున్న విషయం ఇది. 1939లో పుల్లయ్య గారు తీసిన ‘బాలాజీ’లో సి.యస్.ఆర్. వేంకటేశ్వరుడైతే శాంతకుమారి గారు పద్మావతి. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 1960లో, అదే కథను ఆయనే మళ్లీ ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’గా తీశారు. వేంకటేశ్వరుడు ఎన్.టి. రామారావు, పద్మావతి సావిత్రి. శాంతకుమారి గారు వకుళమాత. ఒకనాడు ఆ దేవుడికి పెళ్లికూతురైన మనిషే ఇప్పుడు ఆ దేవుడి పెళ్లి చేయించే తల్లి. ఇద్దరు పద్మావతులు ఒకే చట్రంలో నిలబడి ఉంటే, పాత పద్మావతి కొత్త పద్మావతి వైపు ఎలా చూసిందో గమనించమని అమ్మాయి రాసింది. నేను సినిమా మళ్లీ వేసుకుని చూశాను. ఆ చూపులో అసూయ వెతికినా దొరకదు. పైగా నేపథ్యగానం స్థిరపడిపోయిన ఆ రోజుల్లో కూడా వకుళ పాటను ఆవిడ తన గొంతుతోనే పాడారు. శశిరేఖ నాటి అలవాటును అంత తేలిగ్గా వదులుకోలేదు.

అయితే అమ్మపాత్రకు ఆవిడ నలభయ్యో ఏట రాలేదు. 1950లో విజయావారి మొదటి చిత్రం ‘షావుకారు’లో రామారావు గారికి తల్లి. ఆవిడకు అప్పటికి ముప్ఫై నిండలేదు, కొడుకు ఆవిడకంటే మూడేళ్లే చిన్న. ఆ చిత్రం తీసిన నాగిరెడ్డి గారిదీ మన కడప జిల్లానే, కాబట్టి ఈ లెక్కకు మనవాళ్లూ బాధ్యులే! అక్కినేని నాగేశ్వరరావు గారి సంగతి ఇంకా వింత. 1941లో ‘ధర్మపత్ని’లో శాంతకుమారి గారు నాయిక, అందులో చిన్న వేషంలో కనిపించిన కుర్రవాడు ఆయన. 1955లో ‘అర్ధాంగి’ వచ్చేసరికి ఆవిడ ఆయనకు సవతితల్లి. 1971లో ‘ప్రేమనగర్’కు కన్నతల్లి. ఆయన ఆ సినిమాలో ఇంకా ప్రేమలో పడుతున్న జమీందారు కుర్రవాడే. నిజానికి ఇద్దరి మధ్య ఉన్నది నాలుగేళ్లు.

ఇక్కడ నాకు అమ్మాయితో పేచీ ఉంది. శాంతకుమారి గారు నాయిక స్థానాన్ని త్యాగం చేశారని రెండు మూడు చోట్ల రాసింది. నేను ఒప్పుకోను. ‘అర్ధాంగి’ చూడండి. సొంత కొడుకును నెత్తిన పెట్టుకుని, సవతి కొడుకును మందమతిగా మిగిల్చిన జమీందారిణి ఆవిడ. ఆ రోజుల్లో పరిశ్రమ అంతా మమ్మీ అని పిలుచుకున్న మనిషి, తెర మీద జనం తిట్టుకునే పాత్రకు సిద్ధపడ్డారు. కోడలిగా సావిత్రి ఎదురుగా నిలబడితే, ఆ కోడలి ధైర్యం మనకు ఆనడానికి ఈ అత్త కాఠిన్యమే కారణం. త్యాగమూర్తులు ఇలాంటి వేషాలు ఎంచుకోరు. పనిమంతులు ఎంచుకుంటారు. నాయికకు దొరకని కోపం, పెత్తనం, పశ్చాత్తాపం ఆ వయసు వేషాల్లో దొరుకుతాయని ఆవిడకు తెలుసు. అన్యాయం ఉంటే అది మగ నటుల వయసును ఆపేసి, ఆడవాళ్ల వయసును పరుగెత్తించిన వ్యాపారంలో ఉంది. ఆ మాట గట్టిగా అనకుండా, త్యాగమని దండ వేసి పక్కన పెట్టడం నాకు నచ్చదు.

ఈ పేచీకి తనే ఒక జవాబు చూపించింది, అది సురభి అధ్యాయం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సమాజం అది. ఆడవేషం ఆడమనిషే కట్టాలని మొదటినుంచీ పట్టుబట్టినవాళ్లు. ఆ కుటుంబాల్లో ఆడపిల్ల నడక నేర్చిన నాటి నుంచి స్టేజీ మీదే పెరుగుతుంది. చిన్నప్పుడు ప్రహ్లాదుడు, బాలకృష్ణుడు. ఈడొచ్చాక శశిరేఖ. ఆ తర్వాత తల్లి. వేషం మారినప్పుడు ఎవరూ సంతాపసభ పెట్టరు, తను విప్పిన వేషాన్ని మేనకోడలు కట్టుకుంటుంది, అంతే. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చినప్పుడు ప్రహ్లాదుడి తల్లి లీలావతిగా నటించిన సురభి కమలాబాయి గారు ఆ ఒరవడిలోంచి వచ్చినవారే. మన తొలి కథానాయిక తెర మీద తల్లిగానే అడుగుపెట్టిందన్న సంగతి నాకు ఇంతకుముందు తట్టలేదు. అమ్మాయికి తట్టింది.

కుంతి విషయానికి వస్తే, తను ఆ వేషం ఒప్పుకుంది. కర్ణుడి ముందు నిలబడే ఘట్టంలో ద్రౌపదికి లేని నిశ్శబ్దం ఒకటి ఉందని, దాన్ని జనం ఈలలు వేయకుండా వినేలా చేయడానికి చాలా రాత్రులు పట్టిందని రాసింది. ద్రౌపది కట్టిన పిల్లకు జడ తనే అల్లిందట. కానీ పారితోషికం తగ్గిస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు. ముసలి వేషానికి ఇంతేనమ్మా అన్న కమిటీ పెద్దకు, అదే రాత్రి అదే బస్సు అదే నిద్ర, తగ్గేది ఏది అన్నా అని అడిగింది. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను.

విలువలంటూ వేరే అధ్యాయం పెట్టలేదు, మంచిదే. అవి లెక్కల మధ్యలోనే తెలుస్తాయి. ఒకే రాత్రికి రెండు ఊళ్ల బయానా తీసుకోదు. అర్ధరాత్రి దాటాక స్టేజీ మీద రికార్డు పాటకు ఆడమని కేకలు వేసే కుర్రాళ్లున్న ఊళ్లకు రెండోసారి వెళ్లలేదు. అయినా అలా ఆడే పిల్లలను ఒక్క మాట కూడా అనలేదు. వాళ్లూ నాతోపాటే తెల్లవారుజాము బస్సు ఎక్కుతారు కదా అంటుంది. పరువు గురించి ఉపన్యాసాలు దంచే నాబోటి పెద్దలు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవాలి.

లోపాలు చెప్పకపోతే పీఠిక భట్రాజు పని అవుతుంది. శాంతకుమారి గారి అధ్యాయంలో విశేషణాలు ఎక్కువయ్యాయి, సంవత్సరాలు తక్కువయ్యాయి. పుల్లయ్య గారి నోటి దురుసును మరీ ముద్దుగా దాటేసింది. ఇక తన సొంత అధ్యాయాల్లో ఊళ్ల పేర్లన్నీ ఉన్నాయి, పద్యాలు నేర్పిన హార్మోనియం మాస్టర్ల పేర్లు మాత్రం సగమే ఉన్నాయి. మిగతావారిని రెండో ముద్రణలో తప్పక చేర్చమని చెప్పాను, చేరుస్తానంది. ఈలోగా నాటకం కట్టించే ప్రతి ఊరి కమిటీ ఒక కాపీ కొనుక్కోవాలి. కొన్నాక ముందుగా ఆ పారితోషికం పేజీ తీయాలి.

కర్నూలు