కెమెరా ముందు ఆకలి

1943వ సంవత్సరపు వంగ క్షామంలో సుమారు 30 లక్షల మంది మరణించినారని అంచనా. ఆ దారుణం నుండి బిజన్ భట్టాచార్య ‘నవాన్న’ నాటకం (1944) పుట్టినది. చిత్తప్రసాద్ రేఖాచిత్రాలు పుట్టినవి. సునీల్ జానా ఛాయాచిత్రాలు కూడ ఆ కోవలోనివే. అయినను నాటకాన్ని కళగాను, ఫోటోను కేవలం సాక్ష్యంగాను ఎంచడం విమర్శకులలో పరిపాటి. జానా విషయంలో ఈ విభజన నిలువదు.

క్షామాన్ని ఫోటోలలో మొదట చూపినవారు ఆయన కారు. 1943 ఆగస్టులోనే కలకత్తా ‘స్టేట్స్‌మన్’ పత్రిక నగర వీధులలోని ఆర్తులను చూపే చిత్రాలను ప్రచురించి, ప్రభుత్వం కప్పిపుచ్చజూచిన నిజాన్ని బయటపెట్టినది. అది సాహసమే. కాని ఆ వీధులలో పడి ఉన్నవారు ఏ ఊరినుండి వచ్చినారు, ఎందుకు వచ్చినారు అన్న ప్రశ్న పాఠకునికి మిగిలిపోయినది. అస్సాములోని దిబ్రూగఢ్‌లో 1918లో జన్మించి, కలకత్తాలో ఆంగ్లసాహిత్యం చదువుకొన్న జానా, కమ్యూనిస్టు నాయకుడు పి.సి. జోషి వెంట ఆ పల్లెలకే వెళ్ళినారు. జోషి వ్రాసిన కథనాలతోపాటు ఆయన చిత్రాలు ‘పీపుల్స్ వార్’ పత్రికలో వెలువడినవి. ఆకలిచావును దైవికమైన విపత్తుగా గాక, మానవుల చేతల ఫలితంగా చూడవలెనన్న పట్టుదల వాటి వెనుక ఉన్నది.

ఎముకల చిత్రాలను ఆయన తీయకపోలేదు. అయితే వాటికంటె ఎక్కువగా కలచివేసేవి, సహాయకేంద్రం వద్ద అన్నం కోసం కాచుకొని ఉన్న అనాథ బాలల చిత్రాలు. శవాన్ని చూచినవాడు కన్నీరు కార్చి ఊరుకొనవచ్చును. ఆ పిల్లలకు ఇంకను అన్నం పెట్టవచ్చును గదా! చూచేవానికి తప్పించుకొనే దారి లేదు. తీసినవానికీ లేదు. సాయం కోరి చేయి చాచినవారికి సాయపడక, ఫోటోలు తీయవలసి రావడం ఎంత దుర్భరమో జానా తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. ఆ సంకోచం చిత్రాలలోనే కానవస్తుంది. అందులకే అవి ఆకలిని వేడుకగా మార్చలేదు.

స్వాతంత్ర్యానంతరపు కృషిని గురించి ఇంత నిస్సంకోచంగా మెచ్చుకొనడం కష్టం. ‘ది సెకండ్ క్రీచర్’ (1949) సంపుటం అందమైనదే. దాని ముఖపత్రం సత్యజిత్ రాయ్ రూపొందించినది. కాని ఆకాశాన్ని వెనుక నిలిపి, క్రిందినుండి పైకి చూచి తీసిన శ్రామికులలోను, గిరిజనులలోను ఒకానొక విగ్రహశోభ చోటుచేసుకొన్నది. మనిషి ఉన్నతంగా కనబడతాడు. అతని కూలి ఎంతయో, అతని అడవి ఎవరి వశమైనదో కనబడదు. క్షామచిత్రాలు అడిగిన ప్రశ్నను ఇవి అడుగవు.

తరువాతి తరాల వాస్తవచిత్రకారులకు ఆయన ఈ రెండు దారులను విడిచి వెళ్ళినారు. రెండవది అనుకరించడానికి సులభం. మొదటిదానికి మాత్రం పల్లెదాకా నడిచి వెళ్ళవలె. ఆయన చిత్రాలను విస్తృతంగా చూపే ‘ఫోటోగ్రాఫింగ్ ఇండియా’ 2013లో, అనగా ఆయన కన్నుమూసిన మరుసటి సంవత్సరం వెలువడినది. ఆ గ్రంథంలో రెండు దారులూ ప్రక్కప్రక్కనే ఉన్నవి.