అవుకు, డోన్, ప్యాపిలి: రెండేసి అచ్చుల సంగతి

ఆళ్లగడ్డలో సాయంత్రంపూట పిల్లలకు ఇంగ్లీషు చదవడం నేర్పేటప్పుడు, పుస్తకం తెరవకముందే మన ఊళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాను. అవుకుకు ఇంగ్లీషులో మూడే అక్షరాలు: ఓ, డబ్ల్యూ, కె. ఊరు ఎరిగిన పిల్లలు కనుక తడుముకోకుండా ‘అవుకు’ అనేస్తారు. పక్కనే కౌ, టౌన్, బ్రౌన్ స్పెల్లింగులు రాస్తే, ఓ, డబ్ల్యూ కలిసి ‘అవు’ అంటున్నాయని వాళ్లే పట్టుకుంటారు. కోయిలకుంట్లలో ఓ, ఐ జంట ఉంది. కాయిన్, ఆయిల్ అంటూ మనం ‘ఆ’తో మొదలుపెడతాం. కోయిల అన్నట్టే నోరు గుండ్రంగా పెట్టి ఆ మాటలు అనమంటే పలుకు చక్కగా కుదురుతుంది. ఇక డోన్‌లో ఓ, ఈ మధ్య ఎన్ దూరింది. అయినా ఆ రెండూ జంటే. చివరి ఈ తాను పలకదు, ఓను సాగదీస్తుంది. బోన్, స్టోన్ కూడా అంతే.

గుణింతంలో కై, కౌ దిద్దిన పిల్లకు ఈ ధ్వనులు కొత్తవి కావు. కొత్తది ఇంగ్లీషు రాత. మన లిపిలో కౌ ఎక్కడున్నా కౌ. ఇంగ్లీషులో కౌలో పలికిన జంటే స్నోలో ‘ఓ’ అవుతుంది. అందుకే ముందు ధ్వని, తర్వాత రాత అన్నది నా పద్ధతి. జంటల పట్టికను ముందే బట్టీ పట్టిస్తే పిల్లల చెవి మూసుకుపోతుంది.

రెండు అచ్చులు పక్కపక్కన ఉంటే మొదటిది తన పేరు పలుకుతుందని ఫోనిక్స్ క్లాసుల్లో పాటలా చెప్పిస్తారు. అమెరికాలో థియొడార్ క్లైమర్ 1963లో ఆ సూత్రాన్ని పరీక్షించి చూస్తే నూటికి 45 మాటల్లోనే నిలిచింది. సగానికి కూడా నిలవని దాన్ని సూత్రమని పిల్లలకు చెప్పడం నాకు ఇష్టం లేదు.

మరీ తిప్పలు పెట్టేది ఈ, ఏ జంట. మీట్, బ్రెడ్, గ్రేట్ మాటల్లో మూడు రకాలుగా పలుకుతుంది. మన ప్యాపిలి స్పెల్లింగులోనూ అదే జంట, అక్కడ ‘యా’! దీని వెనక పాత కథ ఉంది. ఇంగ్లండు ముద్రాపకుడు కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టేనాటికి ఇంగ్లీషు దీర్ఘాచ్చులు మారుతూ ఉన్నాయి. ఆ మార్పు ఆ తర్వాత కూడా రెండు శతాబ్దాలకు పైగా సాగింది. రాత మాత్రం అచ్చులో గట్టిపడింది. సముద్రమనే ‘సీ’, చూడడమనే ‘సీ’ ఒకప్పుడు వేర్వేరుగా పలికేవి. రాతలో ఆ తేడా నేటికీ ఉంది. ఇది కథలా చెబితే ఐదో తరగతి పిల్లలు కూడా శ్రద్ధగా వింటారు. స్పెల్లింగు తప్పినప్పుడు తమకు తెలివి లేదనుకోవడం మానేస్తారు.

2019 నవంబరులో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వు వచ్చినప్పుడు రాష్ట్రమంతా మీడియం గురించి వాదించుకుంది. చదవడం ఎలా నేర్పాలన్న మాట అంతగా వినబడలేదు. నాకు కావలసింది ఆ మాటే. ఉదాహరణకు, ఈ, ఏ జంట ‘ఏ’ అని పలికే మాటలు రోజువాడుకలో ముఖ్యంగా గ్రేట్, బ్రేక్, స్టేక్. వాటిని బోర్డు మీద ఒక మూల విడిగా రాసి చదివిస్తాను. బ్రెడ్, హెడ్ వరస మరుసటి రోజుకు.