గ్రోమెట్ పనితనం

చేతిలో పెట్టి చూపిస్తే గ్రోమెట్‌ను ఎవరూ వైద్య పరికరమనుకోరు, దేనినుంచో ఊడిపడ్డ ముక్క అనుకుంటారు. దారపు కండెలా నడుము సన్నగా, రెండు వైపులా అంచులు, మధ్యలో ఆరపార రంధ్రం. ఆ రంధ్రం వెడల్పు సుమారు 1 మిల్లీమీటరు. దీన్ని అమర్చేది చెవిలోని కర్ణభేరికి.

ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి అందించే యూస్టేషియన్ నాళం పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే ఇట్టే మూసుకుపోతుంది. లోపల నీరు ఊరుతుంది; క్రిములు చేరితే చీము, జ్వరం, రాత్రంతా ఏడుపు. పోటు తగ్గాక కూడా కొందరిలో నీరు మిగిలి జిగురులా చిక్కబడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. పిల్లాడు పిలిస్తే పలకడు, టీవీ సౌండు పెంచుతాడు; ఇంట్లోవాళ్లు మొండివాడంటారు.

ఇ.ఎన్.టి. డాక్టరు నేర్పు మొదట ఆగడంలోనే కనిపిస్తుంది. రెండేళ్లు దాటిన పిల్లలకు తేలికపాటి పోటయితే పారాసెటమాల్ ఇచ్చి రెండు మూడు రోజులు చూడొచ్చు. ఆరు నెలల లోపు పసివాళ్లకు మాత్రం యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెడతారు. జిగురు నీటికి మూడు నెలలు గడువిస్తారు, చాలామందికి ఆలోగా దానంతటదే పోతుంది. (వెల్లుల్లి వేసి కాచిన నూనె మాత్రం చెవిలో పోయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే అది నేరుగా లోపలికే దిగుతుంది.)

గడువు దాటినా నీరు పోక, వినికిడి తగ్గితే అప్పుడు గ్రోమెట్. పిల్లలకు మత్తిచ్చి, మైక్రోస్కోపు కింద ముందు గులిమి తీస్తారు. కర్ణభేరి మందం మిల్లీమీటరులో పదో వంతు. అందులోనూ వెనక పైభాగం జోలికి పోరు, అక్కడ పొర చాటునే వినికిడి ఎముకలుంటాయి. ముందువైపు కింది భాగంలో చిన్న గాటు పెడతారు. గాటు పెద్దదైతే గ్రోమెట్ నిలవదు, చిన్నదైతే దూరదు. సక్షన్ గొట్టంతో లాగితే జిగురు తీగలు సాగుతూ వస్తుంది. తరవాత ఒక అంచును ఏటవాలుగా గాటులోకి దూర్చి, సన్నటి సూదితో నెడితే రెండో అంచు బయట ఆగుతుంది. కుట్టు లేదు, అంటించేదీ లేదు.

ఒట్టి గాటు పెట్టే పద్ధతి పాతదే, కానీ అది కొద్ది రోజుల్లో పూడుకుపోయేది. 1954లో అమెరికా డాక్టరు బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ అందులో ప్లాస్టిక్ గొట్టం పెట్టి తెరిచి ఉంచారు. నీరు కారిపోవడానికే ఈ రంధ్రమనుకుంటాం గానీ, దాని అసలు పని లోపలికి గాలి ఆడనివ్వడం.

నాకు అన్నిటికంటే నచ్చింది, దాన్ని తీయడానికి సాధారణంగా ఎవరూ పూనుకోనక్కర్లేదు. కర్ణభేరి పైచర్మం నిరంతరం అంచులవైపు జరుగుతూ ఉంటుంది. ఆ జరుగుడే ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు గ్రోమెట్‌ను బయటికి నెడుతుంది, చాలామందికి రంధ్రమూ పూడుతుంది. కొందరికి ఈలోగా చెవి కారుతుంది, చుక్కల మందు వేస్తారు. నీరు మళ్లీ చేరితే రెండోసారి పెట్టాల్సి వస్తుంది. నాలుగేళ్లు దాటినవాళ్లకు అప్పుడు ముక్కు వెనకుండే ఎడినాయిడ్ కూడా తీస్తారు.