అగ్గి, నిప్పు, చిచ్చు: ఇవి పర్యాయపదములా?

నిప్పు, అగ్గి, చిచ్చు, మంట యనునవి తెలుఁగున నిత్యవ్యవహారమునఁ గల మాటలు. పర్యాయపదముచే నర్థము చెప్పుట నిఘంటువుల పరిపాటి. అందుచే వీనిలో నొకదాని స్థానమున వేఱొకటి నిలుపవచ్చునను తలంపు పాఠశాలలలోఁ బాదుకొన్నది. జాతీయములను బరిశీలించినచో నీ తలంపు నిలువదు.

2016వ సంవత్సరమున నేర్పడిన కామారెడ్డి జిల్లాలో, కర్ణాటక మహారాష్ట్రముల సరిహద్దులకుఁ జేరువగా పిట్లము కలదు. అచటి బాలుఁడొకఁడు “మా బాపు అగ్గిమీద గుగ్గిలమైండు” అని వ్రాసెననుకొందము. ఉపాధ్యాయుఁడు క్రియారూపమును దిద్దినను దిద్దవచ్చును. అగ్గిని గొట్టివైచి ‘అగ్నిపై గుగ్గులువు’ అని సవరించెనేని, అర్థము మిగిలి జాతీయము నశించును. గుగ్గిలము ధూపద్రవ్యము. కణకణలాడు నిప్పులపై వేసినంతనే గుప్పునఁ బొగయెత్తి, భగ్గున మండి, కొలఁదిసేపటిలో నడఁగును. తటాలునఁ బుట్టిన కోపమునకే యీ పోలిక చెల్లును. లోలోన రగులుచుండు పగకుఁ జెల్లదు.

మఱియు నగ్గి గ్రామ్యమను నాక్షేపము నిరాధారము. సంస్కృతాగ్నిశబ్దము ప్రాకృతమున ‘అగ్గి’ యైనది. తెలుఁగున నది తద్భవము. గుగ్గిలము సైతము గుగ్గులుశబ్దభవమే. సరిహద్దున వినవచ్చు మరాఠీలోని ‘ఆగ్’ అగ్గికిఁ దోఁబుట్టువు. ఇట్లు వ్యాకరణసమ్మతమైన పదమును పల్లెనోటఁ బలికినంతమాత్రమున దోషమనుట న్యాయము గాదు. అయితే ధ్వనిసామ్యమును నమ్మి మోసపోరాదు. సంతలో సరకు చవుక యను నర్థమున వినవచ్చు ‘అగ్గువ’కు అగ్గితో సంబంధము లేదు. కన్నడమున ‘అగ్గ’ యనునదియు చవుక యను నర్థమునే యిచ్చును.

నిప్పు దేశ్యము, తమిళమున ‘నెరుప్పు’. అగ్గిపెట్టెలు రాకపూర్వము గృహిణులు రాత్రి పొయ్యిలోని కణికలపై బూడిద గప్పి, వేకువ నూఁది రాజేసెడివారు. ఆఱిపోయినచోఁ బొరుగింట నడిగి తెచ్చుకొనెడివారు. కావున నిప్పు దాఁచుకొనునది, ఇచ్చిపుచ్చుకొనునది. నివుఱు గప్పిన నిప్పు అనుటకు మూలమీ గృహకృత్యమే. ఇల్లు కాలి యొకఁ డేడ్చుచుండఁగా వేఱొకఁడు చుట్టకు నిప్పడిగెనను సామెతలోని చేదు, ఆ పొరుగుమర్యాద నెఱిఁగినవానికే తెలియును. చేత ముట్టరానిది, మలిన మంటనిది గనుకనే నిష్కళంకుని నిప్పువంటివాఁ డందురు. అతని నగ్గివంటివాఁ డన్నచో వినువాఁడు కోపిష్ఠి యని తలఁచును.

చిచ్చు కన్నడమున ‘కిచ్చు’. కన్నడపు ‘కివి’ మనకుఁ జెవి యైన మార్గముననే యిదియు నేర్పడినది. ఇది నిప్పువలె నొకచోట నిలువదు, ప్రాఁకును. అడవిని గాల్చునది కార్చిచ్చు. అన్నదమ్ములను విడఁదీయువాఁడు ఇంట చిచ్చు పెట్టినవాఁడు. ఇచ్చట ‘ఇంటికి నిప్పు పెట్టెను’ అని మార్చిన యెడల, కొండెములు చెప్పినవాఁడు గృహదాహకుఁ డగును! ఒక్క పదము మార్పున నేరమే మాఱినది.

మంట అనుభవమునకు సంబంధించినది. పైరు చేతికందినను వెల దొరకని రైతుది కడుపుమంట. పొరుగువాని కలిమిఁ జూచి యోర్వలేనివానిదియుఁ గడుపుమంటయే. దుఃఖమును, అసూయయు నొక్కమాటలో నొదిఁగినవి. ‘కడుపునిప్పు’ అను మాట వాడుకలో లేదు. తగవు రేఁపుటను ‘మంటపెట్టుట’ యనుటయుఁ గలదు గావున, నచటచట నీ యెల్లలు కలియుననుట యొప్పుకొనవలసినదే. అంతమాత్రమున నెల్లలే లేవనరాదు.

1868లో కార్ దొర తెలుఁగు సామెతలను సంకలనించి ప్రకటించెను. 1936 నుండి వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువు కావ్యప్రయోగములకుఁ బ్రాధాన్య మిచ్చినది. ఆ కృషి యుపకారకమే; కాని సామెతను విడిగాను, పదమును విడిగాను జూచినంతకాలము, ఏ మాట యే జాతీయమున మాత్రమే జీవించునో తేటపడదు. ప్రతి పదముక్రింద దాని జాతీయములను, వానిలో నొదుగని పర్యాయములను గూడఁ జూపవలయును.

ఇందులకుఁ దొలి సామగ్రి పల్లెబడులలోని బాలుర వ్రాఁతలలోనే కలదు. పండితులు ఎఱ్ఱసిరాతోఁ గొట్టివేయుటకు ముందు ఆ మాటను వేఱొక పుస్తకమున వ్రాసికొందురు గాక. బూడిద గప్పి కాపాడినప్పుడే నిప్పు మఱునాటికి మిగులును.