'మెదడువాపు' అను మాట

వ్యాధికి పేరు చెప్పుట వైద్యుని పని. ఆ పేరు విని ఏమి చేయవలెనో నిశ్చయించుకొనుట గృహస్థుని పని. నడుమనున్న మాట సరియైనది కానిచో, వైద్యుడు చెప్పున దొకటియు, ఇంటివారు చేయునది మరియొకటియు నగును. ఇందులకు నిదర్శనముగా నేడు పత్రికలలోను, ఆసుపత్రులలోను విరివిగా వినబడు 'మెదడువాపు' అను మాటను పరిశీలింతము.

మూడేండ్ల క్రిందట మా పాఠశాలలో ఆరవ తరగతి చదువు బాలు డొకడు జ్వరముతో పడెను. తలనొప్పి, వాంతులు, మెడ వంచబోయిన వంగదు. పట్టణములోని యొక ఆసుపత్రిలో వైద్యుడు పరీక్షించి మెనింజైటిస్ అనెను. అదేమని తండ్రి యడుగగా అచ్చటి వారొకరు 'మెదడువాపు' అని తెలుగు చేసిరి. ఆ తండ్రి యిల్లు చేరి మొదట చేసిన పని వీధి పందులను గూర్చి పంచాయతీకి అర్జీ వ్రాయుట. రెండవది దోమతెరలు కొనుట. తల్లి మాటిమాటికి కుమారుని తల నిమిరి, 'వాపేమియు కనబడదే, మాస్టరుగారూ!' అని నాతో ననెను. ఇంటిలోని తక్కిన పిల్లలకు ముందుజాగ్రత్తగా మందిప్పింపుడని ఆసుపత్రివారు కబురంపిరి. 'దోమకాటు జబ్బునకు వీరి కెందుకు మందు?' అని తండ్రి రెండు దినములు కదలలేదు. ఆ పిల్లలకు కీడు కలుగలేదు. బాలుడును బ్రదికెను గాని, ఎడమచెవి వినికిడి పోయినది. ఆ తండ్రి తెలివిమాలినవాడు కాడు. తాను విన్న మాటకు తగినట్లే నడచుకొనెను. తప్పు మాటయందున్నది.

ఆ మాటకు పందియు దోమయు ఎట్లు తోడైనవి? ఎన్సెఫలైటిస్ అనగా మెదడునకే కలుగు వ్యాధి. అందొక తెగ 1924లో జపానులో పెద్దగా చెలరేగినది. మన దేశమున 1955లో వేలూరు ప్రాంతమున మొదట గుర్తింపబడినది. పందులలోను, నీటి పక్షులలోను పెరుగు వైరసును క్యూలెక్స్ దోమలు మనుష్యులకు చేర్చును. 1999లో ఆంధ్రదేశమున ఇది పసివారిని బలిగొన్నది. ఆ దినములలో ఇంటింట మారుమ్రోగిన పేరు 'మెదడువాపు'. నాటినుండి ఆ పేరు వినినంతనే దోమయు, పందియు కన్నులయెదుట నిలుచుచున్నవి.

మెనింజైటిస్ వేరు. మెదడును, వెన్నుపామును కప్పియున్న మూడు పొరలకు కలుగు వ్యాధి యిది. బాక్టీరియా, వైరసు, క్షయక్రిములు, బూజు - కారణములు పెక్కు. 1887లో ఆస్ట్రియా వైద్యుడు వైక్సెల్‌బామ్ కనుగొన్న మెనింగోకాకస్ అను క్రిమి రోగి ముక్కు, గొంతుల నుండి దాపున మెలగువారి కంటును. ఇంటివారికి ముందుజాగ్రత్త మందిచ్చు టందులకే. జపాను జబ్బునకు టీకా గలదు గాని వైరసును చంపు మందు లేదు. బాక్టీరియా వలన కలిగిన మెనింజైటిస్‌కు మందు గలదు; అయితే అది గంటలలో పడవలెను. ఒకదానికి దోమను వెదకవలెను, రెండవదానికి గడియారమును చూడవలెను. ఈ రెంటికి ఒకే పేరు చెల్లునా?

ఇక 'వాపు' అను మాట. శోథకు ఎరుపు, వాపు, వేడి, నొప్పి యని నాలుగు లక్షణములను ప్రాచీన రోమను రచయిత సెల్సస్ చెప్పెను. మన తెలుగుమాట అందొకటి మాత్రమే గ్రహించినది. కపాలము లోపలి వాపు కంటికి కనబడదు. ఇంకను మాడు పూడని పసిబిడ్డలకు మాత్రము మాడు ఉబ్బవచ్చును. తల్లులకు చెప్పదగినది ఆ సంగతి.

పండితులు 'మస్తిష్కావరణశోథ' యందురు. హిందీ నిఘంటువులలో 'తానికాశోథ' గలదు. రెండును శాస్త్రమునకు సరిపోవును. కాని సంస్కృతమున 'శోథ' యనినను వాపే. 'తానిక' యన నేమో గృహిణి యెరుగదు. మన తాతల 'సన్నిపాతము' త్రిదోషముల కూడికను చెప్పును గాని వ్యాధి యెచ్చట నున్నదో చెప్పదు. హిందూస్థానీలో 'గర్దన్ తోడ్ బుఖార్', అనగా మెడ విరుచు జ్వరము, అను పేరు గలదు. కన్నతల్లి కంటబడు గుర్తునే అది పేరుగా చేసికొన్నది, అందులకది మెచ్చదగినది. అయినను పసిబిడ్డలలో మెడ బిగియకయే వ్యాధి యుండవచ్చును గనుక దానినే నమ్మికొన రాదు.

పాశ్చాత్యుల పేర్లు మాత్రము నిర్దుష్టములా? మెదడు పైపొరను వారు 'డ్యూరా మేటర్' అందురు. అనగా కఠినమైన తల్లి! అరబ్బు వైద్యులు ఆ పొరను మెదడునకు తల్లి యనగా, పన్నెండవ శతాబ్దిలో లాటిను చేసినవారు మాటకు మాట పెట్టిరి. వైద్యులు తమలో తాము వాడుకొను పేరు ఎట్లున్నను చెల్లును. వారికి వస్తువు తెలియును. ఇంటివారికి పేరే వస్తువు.

కావున మెనింజైటిస్‌ను 'మెదడుపొరల వాపు' అందము. 'వాపు' లోని కొరత తీరలేదు గాని, ఒక్క 'పొర' చేర్చినంత రెండు వ్యాధులు విడివడును. ఉల్లి తరిగిన ప్రతి స్త్రీకిని పొర తెలియును. 'మెదడువాపు'ను ఎన్సెఫలైటిస్‌కే విడిచిపెట్టుదము. వైద్యుడు చెప్పిన యసలు పేరును పక్కనే తెలుగు లిపిలో వ్రాసి యిచ్చుట మరియు మేలు.

రెండు వ్యాధులు కలసియు రావచ్చును, వెన్నునీరు పరీక్షింపనిదే వైద్యునికే తెలియదు గదా యని కొందరు ఆక్షేపింతురు. నిజమే. తెలియనప్పుడు తెలియదని చెప్పి మందు మొదలిడుట ధర్మము. తెలిసిన పిదప రెంటిని ఒక్క మాటలో కలిపివేయుట ధర్మము కాదు.

పత్రికా సంపాదకులకును, నాతోడి ఉపాధ్యాయులకును ఇదియే నా విన్నపము. గృహస్థులకు మరియొక మాట. జ్వరముతో తలనొప్పి, వాంతులు, మెడ బిగింపు, మగత కనబడినయెడల పేరు కొరకు కాచుకొనవలదు. బిడ్డను ఎత్తుకొని బయలుదేరుడు. పేరు దారిలో అడుగవచ్చును.