చేతిసంచీలో పట్టే ధైర్యం

"అక్కా, సాహిత్యంలో పిహెచ్‌డి చేశావు కదా, ఇవి చదివి ఏది మంచిదో చెప్పు" అంటూ మా పిన్ని కూతురు నా ముందు మూడు కేటలాగులు పడేసింది. అవి పుస్తకాలవి కావు, తుపాకులవి. 2023 వేసవిలో, డాలస్‌కి ఉత్తరాన ఉన్న వాళ్ళింట్లో, భోజనాల బల్ల మీద పప్పుగిన్నె పక్కన.

నవ్వబోయి ఆగిపోయాను. అంతకు కొన్ని వారాల ముందే, మే 6న, వాళ్ళకు దగ్గర్లోని ఆలెన్ ఊరి మాల్‌లో ఒకడు రైఫిల్‌తో ఎనిమిది మందిని చంపాడు. వాళ్ళలో ఒక తెలుగమ్మాయి కూడా ఉంది. మా చెల్లి పిల్లాడిని తీసుకుని తరచూ వెళ్ళే చోటు అది.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండి, చట్టం నిషేధించని వాళ్ళు ఎవరైనా లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్‌ని బట్టల కింద దాచుకుని తిరగవచ్చు. భర్త వీసా మీద ఆధారపడి ఉన్నన్నాళ్ళూ మా చెల్లికి సాధారణంగా తుపాకి ఉంచుకునే వీలు లేదు. గ్రీన్ కార్డు వచ్చాక ఆ తలుపు తెరుచుకుంది. "స్వేచ్ఛ అంటే ఇదేనేమో అక్కా" అంది. అందులో వెటకారం ఎంతో, నిజం ఎంతో నాకు తెలియలేదు.

సరే, చదివాను. ఒక పాఠాన్ని చదివినట్టే చదివాను. మొదటి తుపాకి కొనుక్కునే స్త్రీకి దుకాణాలు తరచూ చెప్పే సలహా ఒకటుంది: చిన్నది, తేలికైనది తీసుకో, అయిదు తూటాల రివాల్వర్ అయితే నీకు సులువు. మా చెల్లి శిక్షణకు వెళ్ళిన చోట నేర్పిన ఆవిడ దీన్ని ఒక్క మాటలో కొట్టిపారేసింది. తుపాకి ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది. పిడి చిన్నదైతే పట్టు చిక్కదు. చిన్న రివాల్వర్ ట్రిగ్గర్‌ని చాలా దూరం, చాలా బలంగా లాగాలి. దానికంటే కాస్త బరువున్న 9 ఎంఎం పిస్టల్ కొత్తవాళ్ళ చేతిలో నిలకడగా ఉంటుంది. పైభాగం వెనక్కి లాగడం కష్టమైతే, తేలిగ్గా లాగగలిగేలా చేసిన రకాలున్నాయి. ఏదైనా అద్దెకు తీసుకుని కాల్చి చూడకుండా కొనవద్దంది. అంటే 'ఆడవాళ్ళకి తగినది' అనే మాట వెనుక ఉన్నది మన చెయ్యి కాదు, మన చేతి గురించి వాళ్ళకున్న ఊహ!

తర్వాత దాచుకోవడం. నడుముకు పెట్టుకునే ఒరలు చాలావరకు ప్యాంటూ బెల్టూ వేసుకున్న ఒంటిని మనసులో పెట్టుకుని చేసినవి. కుర్తా, లెగ్గింగ్స్ వేసుకునే మనిషికి చివరికి మిగిలేది చేతిసంచీ. దాని కోసం ప్రత్యేకంగా అర ఉన్న సంచులూ అమ్ముతారు. కానీ సంచీని మనం కుర్చీకి తగిలిస్తాం, బండిలో పెడతాం, ఎవడో లాక్కుపోతాడు, బిస్కెట్ల కోసం పిల్లాడు చెయ్యి పెడతాడు. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి ఒర లేకుండా సంచీలో పడేసుకున్న తుపాకి, దాన్ని మోసే మనిషికే గురిపెట్టినట్టు. మనకు జేబులు కుట్టని లోకం సంచీలో మాత్రం తుపాకికి చోటు చూపించింది.

ఈ భాష కొత్తదేమీ కాదు. స్మిత్ అండ్ వెసన్ 1989లోనే 'లేడీస్మిత్' పేరుతో స్త్రీల కోసం రివాల్వర్లు తెచ్చింది. మన దేశంలో 2014 జనవరిలో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని .32 కాలిబర్ రివాల్వర్ విడుదల చేసింది. బరువు అర కిలో, ధర లక్షా ఇరవై వేల రూపాయల పైనే. నిర్భయను తలపించే పేరు. దాన్ని నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి ఇచ్చారు. చనిపోయిన అమ్మాయికి మనం పెట్టుకున్న పేరు ఒక సరుకు పేరుగా మారింది. రాజ్యం ఇవ్వాల్సిన రక్షణ, డబ్బూ లైసెన్సూ ఉన్న స్త్రీ సొంత ఖర్చుగా మారింది.

ఇక్కడితో ఆపేస్తే నా విమర్శ చాలా సుఖంగా ముగిసేది. కానీ టెక్సాస్‌లో తుపాకి దాచుకునే హక్కు కోసం బలంగా వినిపించిన గొంతుల్లో ఒకటి ఒక స్త్రీది. 1991 అక్టోబరు 16న కిలీన్ ఊరిలో ఒక హోటల్లోకి దూసుకొచ్చిన దుండగుడు 23 మందిని కాల్చి చంపాడు. ఆ రోజు సుజానా హప్ తల్లిదండ్రులతో అక్కడ భోజనం చేస్తోంది. అప్పటి చట్టానికి భయపడి తన రివాల్వర్‌ని కారులోనే వదిలి వచ్చింది. తండ్రి అతని మీదికి ఉరికి చనిపోయాడు. తల్లి ఆయన్ని వదిలి వెళ్ళక చనిపోయింది. ఆమె ఈ కథని చట్టసభల్లో పదే పదే చెప్పింది. 1995లో టెక్సాస్ చట్టం మారింది. మరుసటి ఏడాది ఆమే శాసనసభకు ఎన్నికైంది.

వ్యక్తిగతమే రాజకీయమని నేర్చుకున్నవాళ్ళం. స్త్రీ తన నోటితో చెప్పిన అనుభవాన్ని నమ్మాలని వాదించినవాళ్ళం. ఆ అనుభవం మనకు నచ్చని చోటికి తీసుకెళ్ళిందని కొట్టిపారేయగలమా? నేను కొట్టిపారేయలేను. ఆమె దుఃఖం నిజం. మా చెల్లి భయమూ నిజం.

అయితే ఆ కథలోనూ, ఈ కేటలాగుల్లోనూ ఒకే పాత్ర కనిపిస్తుంది: ముక్కూ మొహం తెలియని మగాడు. బయటినుంచి వస్తాడు. ఇంటి లోపలి మనిషి ఎక్కడా కనబడడు. స్త్రీలను హింసించే మగవాడికి తుపాకి అందుబాటులో ఉంటే, ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు అయిదు రెట్లు పెరుగుతుందని 2003లో అమెరికాలోని 11 నగరాల్లో జరిపిన అధ్యయనం తేల్చింది. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందిని పన్నెండేళ్ళు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనం ఇంకొకటి. సొంత హ్యాండ్‌గన్ ఉన్న స్త్రీలు తుపాకితో ఆత్మహత్య చేసుకోవడం, లేని స్త్రీల కంటే 35 రెట్లు ఎక్కువని అందులో తేలింది.

ఈ రెండో సంగతి చెల్లికి చెప్పాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. కేటలాగులు ఒకదానిమీద ఒకటి సర్దింది.

"బాబు పుట్టాక ఆర్నెల్లు నేనెలా ఉన్నానో నీకు తెలియదక్కా. అమ్మకీ చెప్పలేదు. అప్పుడు ఇది ఇంట్లో ఉండి ఉంటే..." అని ఆపేసింది.

ఎంత బరువు, ఎన్ని తూటాలు, ఏ రంగు పిడి, అన్నీ అడిగిన కేటలాగులు ఈ ఒక్కటీ అడగలేదు: నీ ఇంట్లో ఎవరెవరున్నారు? నీకు బాగాలేని రోజున నువ్వెలా ఉంటావు?

ఆ రాత్రి నాకు మల్లు స్వరాజ్యం గుర్తొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన ఆమె ఆత్మకథ పేరే 'నా మాటే తుపాకీ తూటా'. ఆ తుపాకిని నేను పూజించడం లేదు. పోరాటం ముగిశాక స్త్రీలను తిరిగి ఇళ్ళకు ఎలా పంపించారో 'మనకు తెలియని మన చరిత్ర' 1986లోనే వాళ్ళ మాటల్లో చెప్పింది. కానీ ఆ తుపాకి చుట్టూ దళం ఉంది, ఊరుంది, దాచిపెట్టి అన్నం పెట్టిన ఆడవాళ్ళున్నారు. చేతిసంచీలోని తుపాకి చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ రారన్న నమ్మకం మీదే దాని అమ్మకం నడుస్తుంది.

మా చెల్లి ఇప్పటికీ కొనలేదు. కాల్చడం మాత్రం పూర్తిగా నేర్చుకుంది, గురి బాగా కుదిరిందట. "కొనను అనడం లేదక్కా, ఇప్పుడు కాదంటున్నా" అంటుంది. ఆర్నెల్ల ఆ సంగతి పిన్నికి ఈ మధ్యే చెప్పింది. మాల్‌కి ఇంకా వెళ్ళలేకపోతోంది. దానికి నా దగ్గర ఏ జవాబూ లేదు.